అల్లమవ్వకు వచ్చే పత్రిక

జపాన్‌లో పత్రికలకు కరువు లేదు. రైల్వే స్టేషన్‌లో, కిరాణా కొట్లో, మంగలి షాపులో, పళ్ళ డాక్టరు దగ్గర, ఎక్కడ చూసినా వరసగా నిలబెట్టి ఉంటాయి. చేపలు పట్టేవాళ్ళకో పత్రిక, రైళ్ళ ఫొటోలు తీసేవాళ్ళకో పత్రిక, పిల్లులను పెంచేవాళ్ళకైతే రెండో మూడో. నేను కూర్చుని చదవగలిగే పత్రిక ఒక్కటి దొరకడానికి మాత్రం నాకు రెండేళ్ళు పైనే పట్టింది.

నేను పుట్టింది కోరుట్లలో. నర్సింగ్ చదివింది జగిత్యాలలో. పెళ్ళయ్యాక సిరిసిల్ల వెళ్ళాను. మా ఆయన అక్కడ సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. ఒక వారం పగటి పని, ఒక వారం రాత్రి పని. జపాన్ వృద్ధాశ్రమాల్లో మనుషులు కావాలని మా నర్సింగ్ కాలేజీ నోటీసు బోర్డులో కాగితం అంటించినప్పుడు, సర్టిఫికెట్ పని మీద అక్కడికి వెళ్ళి, అది చూసి నవ్విన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. రెండేళ్ళ తర్వాత ఆ కాగితం మీది నంబరు కోసం మళ్ళీ కాలేజీకి వెళ్ళాను. మా వీధిలో గల్ఫ్ పోని ఇల్లు లేదు, కానీ ఆడమనిషి పోవడం, అదీ జపాన్ పోవడం, ఎవరికీ మింగుడు పడలేదు. మా అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, అక్కడ చలి ఎక్కువా అని. అప్పటికి నా బిడ్డకు ఆరేళ్ళు. దాన్ని కోరుట్లలో మా అమ్మ దగ్గర ఉంచి వెళ్ళాను.

అక్కడి నిబంధన చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మాలాంటి వాళ్ళకు ఐదేళ్ళు పని చేసుకునే అనుమతి ఇస్తారు. మొగుణ్ణీ పిల్లలనూ తెచ్చుకునే వీలు లేదు. ఆ ఐదేళ్ళలోపు వాళ్ళ సర్కారు పెట్టే సంరక్షకుల పరీక్ష పాసైతే ఎన్నాళ్ళయినా ఉండొచ్చు, కుటుంబాన్నీ పిలిపించుకోవచ్చు. పాస్ కాకపోతే సామాను సర్దుకోవాలి. ఏడాదికి ఒక్కసారే పెట్టే ఆ పరీక్ష రాయాలంటే ముందు మూడేళ్ళు పని చేసి ఉండాలి. అంటే నాకున్న అవకాశాలు రెండు. బిడ్డ నా దగ్గరికి రావాలంటే నేను ఆ భాష చదవగలగాలి. ఇంతకు మించి నాకు వేరే లక్ష్యం లేదు.

మాట తొందరగానే వచ్చింది. ముసలివాళ్ళకు స్నానం చేయిస్తూ, అన్నం తినిపిస్తూ, పక్క మారుస్తూ ఉంటే మాట దానంతటదే వస్తుంది. చదువు అట్లా రాదు. అక్షరాలు రెండు రకాలు పలకడానికి, వేలకొద్దీ బొమ్మల్లాంటి కంజీలు అర్థానికి. పరీక్షలో అడిగితే కంజీల పక్కన పలికే తీరు చిన్నగా అచ్చు వేసిన కాగితం ఇస్తారు. పలికినంత మాత్రాన ఏమొచ్చింది, అర్థం తెలియొద్దా. పైగా ఒక్కో ప్రశ్న ఒక కథంత ఉంటుంది. ఎనభై మూడేళ్ళ ఫలానా ఆవిడ ఒంటరిగా ఉంటుంది, మొన్న జారిపడింది, కొడుకు దూరాన ఉన్నాడు, ఇప్పుడు నువ్వేం చేస్తావు అంటూ. సగం దూరం పోయేసరికి మొదట్లో ఏం చదివానో గుర్తుండేది కాదు.

మా ఆశ్రమంలో పెద్ద నర్సు నా పుస్తకాల కట్ట చూసి, ఇవి పక్కన పెట్టి నీకు ఇష్టమైన పత్రిక ఏదైనా రోజూ చదువు, కళ్ళకు పరుగు అలవాటు కావాలి అంది. మంచి సలహానే. ఇష్టమైనది దొరకాలి కదా.

మొదట కిరాణా కొట్లో వెతికాను. అక్కడ పత్రికలను తెరవకుండా టేపు అంటించి పెడతారు. అట్ట చూసి ఒక ఆడవాళ్ళ వారపత్రిక కొన్నాను. నిండా విడాకులే. ఎవరు ఎవరిని వదిలేశారో చదవాలంటే ముందు ఆ ఇద్దరూ ఎవరో తెలియాలి. నాకు ఒక్కరూ తెలియదు. వంటల పత్రిక కొంటే కొలతలు, బొమ్మలు తప్ప చదివేందుకు ఏమీ లేదు. చిన్నపిల్లల మాసపత్రికలో కుందేలు స్నేహితుణ్ణి వెతుక్కుంటుంది. ముప్పై దాటిన మనిషిని, డ్యూటీ దిగి నడుము పట్టేసి కూర్చుని ఆ కుందేలు వెంట ఎంత దూరం పోగలను? బొమ్మల కథల వారపత్రికలో అందరూ అరుచుకుంటూ తిట్టుకుంటూ ఉంటారు. అందులో ఒక మాట నేర్చుకుని ఆశ్రమంలో వాడితే ఒక ముసలాయన అన్నం పళ్ళెం పక్కకు నెట్టేశాడు.

మున్సిపల్ ఆఫీసులో మావంటి విదేశీయుల కోసం తేలిక భాషలో ఒక కరపత్రిక ఉచితంగా పెడతారు. ఏ వారం ఏ చెత్త బయట పెట్టాలి, భూకంపం వస్తే ఎక్కడ నిలబడాలి, ఇవే ఉంటాయి. పనికొచ్చేదే. కానీ మనిషి చెత్త గురించి ఎన్ని నెలలు చదువుతాడు? లైబ్రరీకి వెళ్ళాను. కొత్త సంచిక ఇంటికివ్వరు, పాతవి ఇస్తారు. పాతవి తెచ్చుకుని ఒకటో పేజీలో ఆగి, తిరిగిచ్చి వచ్చేదాన్ని. ఫోన్ పైన పెడితే తెలుగులోకి మార్చి చూపించేది. ఆ తెలుగు నాకు జపనీస్ కంటే కష్టంగా ఉండేది. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, అది పూర్తిగా నాది. నాకు గొంతు లేకుండా చదవడం రాదు. బస్సులో పత్రిక తెరిస్తే పెదాలు కదిలేవి, కాసేపటికి శబ్దం కూడా వచ్చేది. ఆ దేశంలో బస్సులో తుమ్మడానికి కూడా మొహమాటపడతారు. ఒకసారి ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి చూసి, నేనేదో జపం చేస్తున్నాననుకుంది కాబోలు, తలవంచి మళ్ళీ ముందుకు తిరిగింది.

ఈ అలవాటు బీడీల దగ్గర వచ్చింది. కోరుట్లలో మా ఇంటి ముందు అరుగు మీద పొద్దున్నుంచి ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. చేతులకు పని, చెవులు ఖాళీ. బడి లేనప్పుడు నన్ను మధ్యలో కూర్చోబెట్టి వారపత్రికలో సీరియల్ చదివించేవాళ్ళు. చదివిన పిల్ల బీడీలు చుట్టలేదు కదా, ఆ లోటు పూడ్చడానికి లేచేముందు తలా కొన్ని నా చాటలో వేసేవాళ్ళు. మా అమ్మకు అది గొప్ప ఊరట. నేను చుట్టిన బీడీలను కార్ఖానాలో ఎట్లాగూ ఏరి పారేసేవాళ్ళు.

ఆ అరుగు మీద నేను నేర్చిన చెడ్డ విద్య ఒకటుంది. ఒకసారి సీరియల్లో పెద్ద కోడలికి జబ్బు ముదిరింది. పక్కింటి ఆమె ముందే చెప్పేసింది, "గామెను సంపకు బిడ్డా, మాపటికి నాకు బువ్వ పోదు." ఆ వారం చదువుతుంటే కోడలు నిజంగానే చచ్చిపోయింది. నేను చంపలేదు. డాక్టరు వచ్చి సూది వేసినట్టు, ఆమె లేచి గంజి తాగినట్టు చదివాను. ఆ తర్వాత ఆరేడు వారాలు అచ్చులో లేని కోడలిని నేనే పోషించుకుంటూ వచ్చాను. తీరా ఎవరింటికో వచ్చిన చుట్టం, చదువుకున్నామె, పత్రిక చేతిలోకి తీసుకుని చూసి ముక్కున వేలేసుకుంది. అందరూ నన్ను తిట్టారు. తిట్టి, ఇంతకూ ఆ కోడలి పిల్లలెవరి దగ్గర పెరుగుతున్నారని అడిగారు.

ఆశ్రమంలో ఒక ముసలావిడ ఉండేది. తొంభై దాటాయి. బతుకంతా అల్లం పండించిన రైతు. ఆమె పల్లె యాస నా చెవికి మా కోరుట్ల మాటలాగే తగిలేది. మనసులో ఆమెను అల్లమవ్వ అని పిలుచుకునేదాన్ని. ఆమెకు నెలనెలా రైతుల సంఘం నుంచి ఒక పత్రిక వచ్చేది. కొడుకు ఎప్పుడో చందా కట్టి మరిచిపోయినట్టున్నాడు. ఆమెకు చూపు మధ్యలో మసక, చదవలేదు. కవర్లు కూడా చించకుండా మంచం పక్కన పేర్చి ఉండేవి. దుమ్ము తుడుస్తూ ఒకరోజు అడిగాను, ఒకటి తెరవనా అని. చదివి పెడతావా అంది.

మధ్యాహ్నం మూడింటికి అందరినీ టీకి కూర్చోబెట్టే బల్ల దగ్గర ఆ పత్రిక తెరిచాను. నారు పోయడం, ఎరువు కుళ్ళబెట్టడం, ముల్లంగి ఊరవేయడం, కోడళ్ళ ఉత్తరాలు. పేజీలు తిప్పుతుంటే ఆ ఊళ్ళో మొదటిసారి తెలిసిన మనిషి ఎదురైనట్టయింది. నాకు అల్లం తెలియదు గానీ పసుపు తెలుసు. కోరుట్ల పిల్లకు పసుపు తెలియకుండా ఎట్లా ఉంటుంది? తవ్వకాలప్పుడు మా అమ్మ బీడీల పని ఆపి, ఉడకబెట్టే కాడికి కూలికి పోయేది.

అల్లం దాచే పద్ధతి మీద వ్యాసం అది. ఫొటోలో అల్లం కుప్ప, పక్కన నీళ్ళ తొట్టి, వెనక నేలలో తవ్విన గుంత. ఒక్కో వాక్యంలో రెండు మూడు కంజీలు నాకు రావు. బల్ల చుట్టూ పది మంది చెవులు రిక్కించి కూర్చున్నారు. వెనకటి విద్య బయటికి తీశాను. అల్లం తవ్వి, శుభ్రంగా కడిగి, పెద్ద కడాయిలో మెత్తగా ఉడకబెట్టి, ఎండబోసి, ఆ తర్వాత విత్తనానికి గుంతలో పెట్టాలి అని గలగలా చదివేశాను. మా దగ్గర పసుపుకు చేసే పనంతా వాళ్ళ అల్లానికి చేసేశాను. విత్తనానికి తీసిన కొమ్మును మేమైనా ఉడకబెట్టం, ఆ హడావిడిలో అది కూడా మరిచిపోయాను.

పళ్ళు లేని నోళ్ళన్నీ ఒకేసారి నవ్వడం మొదలుపెట్టాయి. ఉడికిన అల్లం మొలకెత్తుతుందా అని ఒకాయన, సూప్ నాటుకోవచ్చు అని ఇంకొకాయన. అల్లమవ్వ నవ్వలేదు. ఆమె మాటను ఆమె యాసలోనే రాయాలంటే నాకు మా ఊరి మాటే గతి. "గుడ్డిదాన్నని నన్ను మోసం చేస్తున్నవా? నీకు రాంది రాదని చెప్పు. కాగితం మీద లేంది చదివితె గది చదువుడు కాదు."

సిగ్గుతో చచ్చిపోయాను. అరుగు మీద పడ్డ తిట్లు నాకు ఎప్పుడూ తగల్లేదు. ఇది తగిలింది. మర్నాడు ఆమె మంచం వైపు పోకుండా తప్పించుకు తిరిగాను. ఆమె నన్ను పిలిచి, చెయ్యి చాపి, రాని అక్షరం ఇక్కడ రాయి అంది.

అట్లా మొదలైంది. నాకు రాని కంజీ వచ్చినప్పుడల్లా చూపుడు వేలితో ఆమె అరచేతిలో గీసేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని, అది ఎట్లా పలుకుతారో, ఏమని అర్థమో చెప్పేది. ఒక గీత ముందు వెనక అయినా ఆమెకు అందేది కాదు, చెయ్యి దులిపి మళ్ళీ రాయమనేది. వాళ్ళు గీతలను కూడా ఒక వరసలో గీస్తారు, ఆ వరసే చేతికి గుర్తు. మొదటి నెల ఒక పేజీ దాటలేదు. ఉత్తరాల పేజీ ఆమెకు ఇష్టం. అత్త మీద ఫిర్యాదు ఎవరైనా రాస్తే రెండుసార్లు చదివించుకునేది. టీ బల్ల దగ్గర మిగతావాళ్ళు మధ్యలో తప్పులు దిద్దేవాళ్ళు, వాళ్ళలో వాళ్ళే కొట్లాడుకునేవాళ్ళు. పక్క విభాగంలో పనిచేసేవాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూసి పోయేవాళ్ళు. గొంతెత్తి చదివినా ఎవరూ నన్ను వింతగా చూడని చోటు ఆ దేశంలో అదొక్కటే.

ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. పరాయి దేశంలో పత్రిక ఎంచుకునేటప్పుడు భాష ఎంత తేలిక అని చూడొద్దు. మీ చేతులకు తెలిసిన పని గురించి రాసిన పత్రిక వెతకండి. కుట్టుపని తెలిస్తే కుట్టుపనిది, బండ్లు బాగుచేస్తే బండ్లది. చదివి వినిపించడానికి ఒక మనిషి దొరికితే ఇంకా మంచిది, ఆ మనిషికి కాస్త కోపం ఉంటే మరీ మంచిది.

మూడేళ్ళు నిండాక మొదటిసారి పరీక్ష రాశాను. పోయింది. కొద్దిలో పోయిందని అందరూ ఓదార్చారు గానీ, కొద్దిలో పోయినా పోయినట్టే. ఆ రోజు కోరుట్లకు ఫోన్ చేస్తే మా అమ్మ బిడ్డకు ఫోన్ ఇచ్చింది. దానికి తొమ్మిది నిండాయి అప్పటికి. ఏడుపు ఆపుకోవడానికి దానికో కథ చెప్పాను. చేపల కూర డబ్బా అనుకుని కొని, మూత తీసి, అన్నంలో కలుపుకోబోతుంటే అది పిల్లి తిండి అని తెలిసింది అని. డబ్బా మీద పిల్లి బొమ్మ చూడలేదా అని అది అడిగింది. అగ్గిపెట్టె మీద గుర్రం బొమ్మ ఉంటే లోపల గుర్రం ఉంటుందా అన్నాను. ఫోన్ కింద పడేసి నవ్వింది.

అప్పటి నుంచి అదే వరస. వీడియో కాల్ కలవగానే ఇంకోటి చెప్పు అనేది. షాంపూ అనుకుని బట్టల సబ్బు తలకు పెట్టుకున్నది, తప్పు బస్సెక్కి సముద్రం దాకా పోయింది, మందు చీటీ చదవరాక జ్వరంతో రెండు రోజులు పడుకున్నది. కొన్ని జరిగినవి, కొన్ని సగం కల్పించినవి. అది నవ్వుతుంటే నాకు ఆ పూటకు చాలు. రోజంతా దాని కోసం ఏదో ఒకటి పోగు చేసుకునేదాన్ని.

రెండో పరీక్ష జనవరిలో. డిసెంబరులో అల్లమవ్వను ఆసుపత్రికి తీసుకెళ్ళారు, మళ్ళీ రాలేదు. తర్వాతి సంచిక మామూలుగానే వచ్చింది. పెద్ద నర్సు కవరు నా చేతికిచ్చి, వెనక్కి పంపే ముందు చూస్తావా అని అడిగింది. చూడబుద్ధి కాలేదు, పంపించేయమన్నాను. ఆమె పోయినందుకు ఏడ్వడానికి పరీక్ష అయ్యేదాకా తీరిక ఇచ్చుకోలేదు. అయ్యాక ఒక ఆదివారం అంతా ఏడ్చాను.

మార్చిలో ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. సిరిసిల్లకు ఫోన్ చేస్తే సాంచాల చప్పుడులో మా ఆయనకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయనది ఒకటే మాట, బిడ్డ జపాన్ వస్తేనే తనూ వస్తానని. వీసా మారడానికి కాస్త సమయం పట్టింది. మే నెలలో బిడ్డ కాగితాలన్నీ కవరులో పెట్టుకుని కోరుట్లకు వచ్చాను.

ఆ రోజు ఎండకు ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. నా బిడ్డ నా భుజం దాకా పెరిగింది. మూడు రోజులు నన్ను వదల్లేదు, నా పక్కనే తిని నా పక్కనే పడుకుంది. నాలుగో రోజు వీసా ఫొటో దిగడానికి జగిత్యాల పోదామని తల దువ్వుతుంటే, అద్దంలో నన్ను చూస్తూ, తను రానని చెప్పింది. మొదట నేను నమ్మలేదు. స్నేహితులను వదిలి రాలేక అంటోందనుకున్నాను, మా అమ్మ మీద బెంగ అనుకున్నాను. దువ్వెన ఆపి ఎందుకని అడిగాను.

"నాకు గక్కడ సదువ రాదు గదా అమ్మా. ఈడ మా క్లాసుల అందరికంటె ముందుగాల నేనే సదువుత. గాడికి పోతె డబ్బ మీద ఏమున్నదో గూడ తెల్వది. జ్వరమొస్తె మందు చీటి తెల్వది. నీకు ఐదేండ్లు పట్టె. నాకు భయమైతది."

అది నవ్వుతోందని నేననుకున్న ప్రతిసారీ ఈ భయం కూడా లోపలికి పోతూ ఉందన్నమాట. దాన్ని బెదిరించింది ఎవరో కాదు, నేనే. ఏళ్ళకేళ్ళు కూర్చుని, రోజుకొకటి చొప్పున, నా నోటితోనే. అవి కొన్ని అబద్ధమని చెప్పాను. పిల్లలు అక్కడ తొందరగా నేర్చుకుంటారని, బడిలో వేరే టీచరును పెడతారని, నేనే పక్కన కూర్చుని నేర్పుతానని చెప్పాను. అంతా మర్యాదగా వింది. చదవరాని చోట ఉండడం ఎట్లా ఉంటుందో తెలిసిన నేను అంతకంటే గట్టిగా దానితో వాదించలేకపోయాను.

నేను మళ్ళీ దువ్వెన అందుకున్నాక, అది ఇటు తిరిగి, చాలా మామూలుగా, ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదేమిటన్నట్టు అడిగింది.

"నువ్వే ఈడికి రారాదే? నీకు ఈడ సదువ వచ్చు గదా."

దాని జడ పూర్తిగా వేశాను. జూన్‌లో జపాన్ విమానం అందుకోవడానికి నేనొక్కదాన్నే బస్సెక్కాను.